లాటిన్ జాజ్ శాక్సోఫోన్, తంత్రీ బృందం: రికార్డింగుల చరిత్ర

క్యూబా, ప్యూర్టోరికో, బ్రెజిల్, అర్జెంటీనా ప్రాంతాల లయల మీద జాజ్ మనోధర్మాన్ని నడిపే సంగీతం లాటిన్ జాజ్. ఆ శైలిలో వాయించే శాక్సోఫోన్‌కు వెనక వయొలిన్లు, వయోలాలు, చెల్లోలతో సింఫనీ తరహా తంత్రీ బృందాన్ని జోడించి రికార్డు చేయడం ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో ఊపందుకుంది. శాక్సోఫోన్ పక్కన వయొలిన్ అంటే మనవాళ్లకు కద్రి గోపాల్‌నాథ్, అవసరాల కన్యాకుమారి కచేరీలు గుర్తుకొస్తాయి. అక్కడ వయొలిన్ ఒక్కటే, మనోధర్మం ఇద్దరిదీ. ఇక్కడ పదులకొద్దీ కమానులు కాగితం మీద రాసింది రాసినట్టు కదలాలి, శాక్సోఫోన్ మాత్రం తనకు తోచినట్టు పోతుంది. ఈ రికార్డుల మంచిచెడ్డలు తేల్చడానికి ఒక్క ప్రశ్న చాలు: లయ బరువు తంత్రులు కూడా మోస్తున్నాయా, లేక తాళవాద్యాలకే వదిలేశాయా?

క్యూబాలో వయొలిన్ నాట్య వాద్యం. ఫ్లూటు, వయొలిన్లు, పియానో, డబుల్ బాస్, టింబాలెస్, సొరబుర్రను గీరి వాయించే గ్విరో కలిసిన బృందాన్ని చరాంగా అంటారు. 1930ల చివర అర్కానో బృందంలో ఒరెస్టెస్ లోపెస్, ఆయన తమ్ముడు కచావో డాన్సోన్ అనే క్యూబా నాట్య సంగీత రచనల చివరి భాగాన్ని కొత్త ఊపుతో తిరగరాశారు. ఆ భాగంలో వయొలిన్లు ఒకే చిన్న పదాన్ని ఎదురెత్తుగా మళ్లీ మళ్లీ వాయిస్తాయి, జనం ఆడేది దాని మీదే. అయితే చరాంగాలో శాక్సోఫోన్‌కు చోటు లేదు. అది ఇత్తడి వాద్యాలతో పాటు జాజ్ బ్యాండ్ తరహా బృందాల్లో ఉండేది. క్యూబా వయొలిన్, క్యూబా శాక్సోఫోన్ ఒకే ఊళ్లో ఉంటూ వేర్వేరు మేళాల్లో పెరిగాయి.

న్యూయార్క్‌లో ఆల్టో శాక్సోఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ ఏడాది తిరక్కుండానే క్యూబా లయ, తంత్రీ బృందం అనే రెండు లోకాల గడపా తొక్కాడు. నిర్మాత నార్మన్ గ్రాంజ్ ఆయన్ని 1948 డిసెంబరులో మచీటో ఆఫ్రో-క్యూబన్ బృందంతో రికార్డు చేయించాడు. 1949 నవంబరు 30న అదే గ్రాంజ్ ఆయన్ని చిన్న తంత్రీ బృందం ముందు నిలబెట్టాడు. వాద్యాల స్వర ఏర్పాటు (అరేంజ్‌మెంట్) జిమ్మీ కారల్‌ది, ఓబో మిచ్ మిల్లర్‌ది. ఆనాటి రికార్డుల్లో ‘జస్ట్ ఫ్రెండ్స్’ను ఇప్పటికీ చెప్పుకుంటారు. వయొలిన్లు, హార్ప్ తీయగా తెర తీసీ తీయకముందే పార్కర్ వడివడిగా స్వరాలు కురిపిస్తూ దూసుకొస్తాడు. తంత్రులు మాత్రం తమ నిదానం తాము చూసుకుంటాయి. ఆ పొంతన లేనితనమే అందం అనేవాళ్లున్నారు, వయొలిన్లది వట్టి అలంకారం అనేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజమే. 1950 డిసెంబరులో చికో ఓఫారిల్ రాసిన ‘ఆఫ్రో-క్యూబన్ జాజ్ సూట్’లో పార్కర్ మళ్లీ మచీటో బృందంతో వాయించాడు. సుమారు పదిహేడు నిమిషాల ఆ పెద్ద రచనలో తంత్రులు లేవు.

తంత్రులకు అలంకారం పని తప్పించిన రికార్డు లాటిన్ జాజ్‌ది కాకపోయినా ఇక్కడ చెప్పక తప్పదు. 1961లో ఎడ్డీ సాటర్ టెనర్ శాక్సోఫోన్ విద్వాంసుడు స్టాన్ గెట్జ్ కోసం ‘ఫోకస్’ రచనలు చేశాడు. తంత్రీ భాగాలు వాటంతట అవే నిలబడేలా రాసి, శాక్సోఫోన్‌కు ఒక్క స్వరమూ రాయలేదు. గెట్జ్ వింటూ అప్పటికప్పుడు అల్లుకుపోయాడు. కొన్ని నెలలకే, 1962 ఫిబ్రవరిలో, వాషింగ్టన్‌లోని ఒక చర్చిలో గిటారిస్టు చార్లీ బర్డ్‌తో ‘జాజ్ సాంబా’ రికార్డు చేశాడు. అమెరికాలో బ్రెజిల్ బోసానోవా గాలి దుమారమైంది దానితోనే. 1963లో బ్రెజిల్ స్వరకర్త జోబిమ్ రికార్డుకు క్లౌస్ ఓగర్‌మన్ తంత్రీ ఏర్పాట్లు చేసినప్పుడు పొదుపు పాటించాడు. ఒక గీత, ఆపైన నిశ్శబ్దం. బోసానోవా వెనక వయొలిన్లు ఎలా ఉండాలన్నదానికి తర్వాతివాళ్లు దాన్నే కొలతగా పెట్టుకున్నారు.

పెద్ద జనానికి ఈ కలయికను వినిపించినవాడు అర్జెంటీనా టెనర్ విద్వాంసుడు గాటో బర్బియేరి. 1972లో బెర్టొలూచి సినిమా ‘లాస్ట్ టాంగో ఇన్ పారిస్’కు ఆయన సంగీతం కూర్చాడు. వాద్యబృంద ఏర్పాట్లు ఆలివర్ నెల్సన్ చూశాడు. గొంతు చించుకుని అరిచినట్టుండే బర్బియేరి శాక్సోఫోన్ ఆ మెత్తని తంత్రుల మీద మరింత గరుకుగా వినిపిస్తుంది. దీనికి గ్రామీ బహుమతి వచ్చింది. 1976 నాటి ‘కాలియెంటే!’ ఆల్బమ్‌ను హెర్బ్ ఆల్పర్ట్ నిర్మించాడు. అందులో శాంటానా బాణీ ‘యూరోపా’ను బర్బియేరి వాయించిన తీరు రేడియోల్లో బాగా నడిచింది. అమ్మకాలు పెరిగాయి. వయొలిన్లు మాత్రం మళ్లీ మెత్తటి పరుపయ్యాయనే నా అభిప్రాయం.

అలా ఎందుకు అవుతుందో స్టూడియోలో చూస్తే తెలుస్తుంది. కాంగా మీద అరచెయ్యి పడీ పడగానే శబ్దం పుడుతుంది. కమాను తీగను పట్టి నాదం నిండడానికి రవ్వంత వ్యవధి కావాలి. పైగా సింఫనీ వాద్యకారులు కండక్టర్ చేతి కన్నా కాస్త వెనగ్గా వాయించడానికి అలవాటుపడి ఉంటారు. ఈ రెండు ఆలస్యాలూ కలిస్తే తంత్రులు తాళం వెనక ఈడ్చుకొస్తున్నట్టుంటుంది. ఒకే గదిలో కూర్చోబెడితే కాంగా, టింబాలెస్ మోత వయొలిన్ల మైకుల్లోకి చొరబడుతుంది. అందుకే తాళవాద్యాలను విడి గదిలో పెట్టి హెడ్‌ఫోన్లు ఇవ్వడమో, తంత్రులను తర్వాత వేరుగా రికార్డు చేసి కలపడమో చేస్తారు. రెండో పద్ధతిలో శబ్దం శుభ్రంగా వస్తుంది కానీ, శాక్సోఫోన్ చేసిన చమత్కారానికి వయొలిన్లు స్పందించే వీలుండదు.

ఒక అనుకూలమూ ఉంది. స్వింగ్ జాజ్‌లో జంట స్వరాల్లో మొదటిది సాగి రెండోది కురచవుతుంది. స్వరలిపిలో అది సరిగ్గా పట్టుబడదు, కాబట్టి శాస్త్రీయ వాద్యకారులు తడబడతారు. లాటిన్ లయల్లో ఆ జంట చాలావరకు సమానం, రాసింది రాసినట్టు వాయించొచ్చు. పట్టుబడనిది క్లావే. రెండు ఆవర్తనాల్లో మూడు, రెండు చొప్పున పడే ఐదు దెబ్బల ఆ మూసను ఎవరూ వాయించకపోయినా అందరి ఒంట్లోనూ నడుస్తూనే ఉండాలి. అది కాగితం మీద దొరకదు.

ఈ చిక్కుల్ని తెలిసి ఎదుర్కొన్న రికార్డు ప్యూర్టోరికో టెనర్ విద్వాంసుడు డేవిడ్ సాంచెస్ చేసిన ‘కోరల్’ (2004). అర్జెంటీనాలో పుట్టిన కార్లోస్ ఫ్రాంసెట్టి ఏర్పాట్లు చేసి, సిటీ ఆఫ్ ప్రాగ్ ఫిల్‌హార్మోనిక్‌ను నడిపించాడు. ఎంచుకున్న రచనల్లో విల్లా-లోబోస్, హినస్టేరా, జోబిమ్‌లవి ఉన్నాయి. మొదటి ఇద్దరూ తమ తమ దేశాల జానపద లయలను సింఫనీలోకి తెచ్చిన స్వరకర్తలు. కాబట్టి ఇక్కడ తంత్రులు జాజ్‌కు అతిథులుగా రాలేదు, శాక్సోఫోనే వాటి ఇంటికి వెళ్లింది. సాంచెస్ తన సొంత బృందాన్నీ వెంట తీసుకెళ్లాడు, దానివల్ల లయ సడలలేదు. 2005లో ఈ ఆల్బమ్‌కు వాద్య సంగీత విభాగంలో లాటిన్ గ్రామీ దక్కింది.

‘కోరల్’లో ఆల్టో వాయించిన మిగెల్ సెనోన్ తర్వాత ఎదురు దారి పట్టాడు. శాన్ హువాన్‌లో పుట్టిన ఆయనకు 2008లో మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. అదే ఏడాది వెలువడిన ‘అవేక్’లో తంత్రీ చతుష్టయాన్ని వాడాడు. 2018 నాటి ‘యో సోయ్ లా ట్రడిసియోన్’లో డ్రమ్స్, బాస్, పియానో అన్నిటినీ తీసేసి, ఆల్టో శాక్సోఫోన్‌ను షికాగోకు చెందిన స్పెక్ట్రల్ చతుష్టయంతో మాత్రమే కూర్చోబెట్టాడు. ప్యూర్టోరికో పల్లెపాటలు, క్యాథలిక్ జపమాల గీతాల సంప్రదాయాల మీద అల్లిన ఎనిమిది రచనలవి. తాళవాద్యం లేదు కాబట్టి, నాట్యపు ఊపంతా రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో పుట్టించాల్సిందే. చెల్లో తీగలను వేళ్లతో మీటి బాస్ పని చేస్తుంది, వయొలిన్లు కురచ కమానులతో ఎదురెత్తు కొడతాయి.