సింహాసనం ఎక్కిన మోటారు కారు

1948 దాకా మన రాయచూరు నిజాం ఏలుబడిలో ఉండేదని ఇంట్లో పెద్దలు చెప్పగా మీరు వినే ఉంటారు. ఆ ఏలికల్లో ఒకరు సింహాసనం అమర్చిన మోటారు కారు ఒకటి కోరి కట్టించుకున్నారు. ఈ పూట ఆ కారు కథ, దాని ఇంజను కథ చెప్పుకుందాం.

కోరినవారు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్. చేసింది ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ కంపెనీ. ఆ రోజుల్లో ఈ కంపెనీ ఇంజను, గేర్లు, చక్రాలు బిగించిన చట్రం మాత్రమే ఇచ్చేది. పైకట్టు వేరేవాళ్ల పని. ఈ కారుకు బార్కర్ కంపెనీవారు పసుపు రంగు వేసి, వెనుక ఎత్తుగా సింహాసనం లాంటి ఆసనం అమర్చారు. తీరా కారు చేతికి అందకముందే, 1911 ఆగస్టు 29న, మహబూబ్ అలీఖాన్ కన్నుమూశారు. కారు ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది.

దాని ఇంజనుకు ఆరు సిలిండర్లు, 7,428 సీసీల సామర్థ్యం. నేటి చిన్న కార్లలో చాలావాటికి వెయ్యి సీసీలు అటూ ఇటూగా ఉంటాయి. ఆరు సిలిండర్లు ఎందుకంటారా? ఒక్క జత ఎడ్లతో మోట తోలితే నీళ్లు ఆగి ఆగి పడతాయి. మూడు జతలు వంతులవారీగా లాగితే ధార తెగదు. ఇదీ అంతే. క్రాంక్ షాఫ్టు ఒక్క చుట్టు తిరిగేలోగా మూడు తోపులు అందుతాయి. అందుకే బండి అదరదు.

అయితే ఒక చిక్కు ఉంది. ఆరు సిలిండర్లకు సరిపడే పొడవాటి షాఫ్టు మెలితిరిగి విరిగే ప్రమాదం ఉంది. హెన్రీ రాయిస్ ఆ షాఫ్టును బాగా లావు చేసి, ఏడు బేరింగుల మీద నిలబెట్టాడు. బేరింగులకు ఒత్తిడితో నూనె అందే ఏర్పాటు చేశాడు.

ఇంతా చేస్తే, బలం చక్రం దాకా చేరాలి కదా! క్లచ్చి, గేరుపెట్టె, పొడవాటి షాఫ్టు, వెనుక ఇరుసు, ఇదీ దాని దారి. 1911లో ఇదే రకం కారు లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా పై గేరులోనే వెళ్లి, తరువాత గంటకు 78 మైళ్ల వేగం అందుకుంది. మరుసటి ఏడు ఆల్ప్స్ కొండల పోటీలో మాత్రం ఒక రోల్స్ రాయిస్ ఏటవాలులో మొరాయించింది. బలం లేక కాదు. ఉన్న మూడు గేర్లూ ఆ ఎత్తుకు చాలలేదు. నల్లరేగడిలో ట్రాక్టరు దిగబడితే డ్రైవరు కింది గేరు వేస్తాడు చూడండి, వేగం తగ్గి లాగే శక్తి పెరుగుతుంది. 1913లో నాలుగు గేర్లతో వెళ్లిన కార్లు అవే కొండలెక్కి మెప్పు పొందాయి.

మరి మన నిజాం కారు? ఊరేగింపుల్లో మెల్లగా నడిచి, కొన్ని వందల మైళ్లు మాత్రమే తిరిగింది. అంత బలమూ సింహాసనం దగ్గరే ఆగిపోయింది. 1932లో నిజాం రైల్వేశాఖ 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. అప్పుడు గాని సర్కారువారి మోటారు సామాన్యుడి కోసం కదలలేదు.

ఆ పసుపు కారు నేడు హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. అటు వెళ్లినప్పుడు తప్పక చూడండి. ఇంజనుకైనా రాజ్యానికైనా బలం ఉంటే చాలదు, అది అందవలసినచోటికి అందాలి. సెలవు.