మైదాన్‌లో మూడు జెండాలు: హైదరాబాదీ ఆటగాళ్ళు, ‘తుర్కీ’ ముద్ర, కోల్‌కతా అభిమానుల వాదం

కోల్‌కతా ఫుట్‌బాల్ అభిమానుల మధ్య తరతరాలుగా సాగుతున్న వాదం గోల్స్ లెక్కతో ముగిసేది కాదు. ఏ క్లబ్బు ఏ జనానికి ప్రతినిధి, ఏ ఆటగాడు ఎవరివాడు అన్నవే అందులోని అసలు ప్రశ్నలు. హైదరాబాదు నుంచి వెళ్ళి అక్కడ కీర్తి గడించిన ఆటగాళ్ళు ఈ వాదానికి మధ్యలో నిలిచారు. వారిపై పడిన ముద్ర ఏమిటి, దానికి దూరాన ఉన్న తుర్కీతో గల సంబంధం ఏమిటి అన్నది పరిశీలించదగిన విషయం.

మూడు క్లబ్బులు, మూడు గుర్తింపులు

మోహన్ బగాన్ 1889లో, మహమ్మడన్ స్పోర్టింగ్ 1891లో, ఈస్ట్ బెంగాల్ 1920లో ఏర్పడ్డాయి. మోహన్ బగాన్ అభిమానులను పశ్చిమ బెంగాల్ మూలవాసులైన ‘ఘొటి’లుగానూ, ఈస్ట్ బెంగాల్ అభిమానులను తూర్పు నుంచి వచ్చిన ‘బాంగాల్’లుగానూ గుర్తించడం అక్కడి వాడుక. మొదటివారు గెలిస్తే రొయ్యలు, రెండవవారు గెలిస్తే పులస జాతికి చెందిన ఇలిష్ చేప ఇంట వండుకోవాలన్నది ఆ నగరపు వేడుక. మహమ్మడన్ స్పోర్టింగ్‌ను మాత్రం ప్రాంతంతో కాక మతంతో గుర్తించారు.

ఈ ముద్రలకు చరిత్రలో ఆధారం ఉన్నప్పటికీ, ఆటగాళ్ళ జాబితా వాటిని ఏనాడూ బలపరచలేదు. దేశ విభజన అనంతరం శరణార్థుల ఆశలకు ప్రతీకగా నిలిచిన ఈస్ట్ బెంగాల్‌కు 1949, 1950, 1951 సంవత్సరాలలో వరుసగా ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ అందించిన ముందువరుస ఆటగాళ్ళు వెంకటేశ్, అప్పారావు, ధన్‌రాజ్, అహ్మద్ ఖాన్, సాలే. ఈ అయిదుగురూ దక్షిణాదివారే. అభిమానులు వారిని ‘పంచ పాండవులు’ అని పిలుచుకున్నారు. తూర్పు బెంగాల్ గౌరవాన్ని నిలబెట్టిన ఆ అయిదుగురిలో బెంగాలీ ఒక్కరూ లేరు.

తుర్కీ టోపీ వెనుక కథ

1934లో మహమ్మడన్ స్పోర్టింగ్ కలకత్తా లీగ్‌ను గెలిచింది. 1898లో మొదలైన ఆ పోటీలో విజేతగా నిలిచిన తొలి భారతీయ జట్టు అదే. 1938 వరకు వరుసగా అయిదు సార్లు ఆ విజయం దానిదే అయింది. వానకాలపు తడి నేలపై బూట్లు ధరించి ఆడడం, దేశం నలుమూలల నుంచి ఆటగాళ్ళను రప్పించడం ఈ విజయాలకు ముఖ్య కారణాలు. అయితే అభిమానులలో అనేకులు దీనిని ఆటనైపుణ్యంగా మాత్రమే చూడలేదు. భారతీయ ముస్లింలు దానిని తమ సమాజపు విజయంగా భావించారు. ప్రత్యర్థులలో కొందరు అదే కారణంతో దానిని అనుమానించారు.

ఈ భావనలకు పూర్వరంగంలో తుర్కీ ఉంది. 1912లో మౌలానా అబుల్ కలాం ఆజాద్ కలకత్తా నుంచి ప్రారంభించిన ‘అల్ హిలాల్’ పత్రిక బాల్కన్ యుద్ధాలలో ఒట్టోమన్ సామ్రాజ్యపు కష్టాలను ఉర్దూ పాఠకుల ముందుంచింది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఖిలాఫత్ ఉద్యమం నగరాన్ని కదిలించింది. 1921లో కాజీ నజ్రుల్ ఇస్లాం ముస్తఫా కమాల్‌ను కీర్తిస్తూ ‘కమాల్ పాషా’ అనే కవిత రచించారు. కుచ్చు గల ఎర్రని తుర్కీ టోపీ కలకత్తాలోనూ, ‘రూమీ టోపీ’ అన్న పేరుతో హైదరాబాదులోనూ విద్యావంతులైన ముస్లింల తలపై గౌరవచిహ్నంగా నిలిచింది.

విచిత్రమేమంటే, 1924 మార్చి 3న ఖలీఫా పదవిని తుర్కీయే రద్దు చేసింది. 1925 నవంబరులో చేసిన చట్టంతో ఆ టోపీని కూడా నిషేధించింది. తుర్కీ వదులుకున్న టోపీని హైదరాబాదు, కలకత్తా మరికొన్ని దశాబ్దాలు ధరించాయి. 1931లో చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ కుమార్తె దుర్రు షెహవార్ నిజాం పెద్ద కుమారుడు ఆజం ఝాను ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో వివాహమాడి హైదరాబాదు కోడలయింది. ఆ విధంగా ‘తుర్కీ’ అన్నది ఇక్కడ ఒక దేశం పేరు కంటే ఒక గౌరవానికి, ఒక ఊహకు పేరుగా మిగిలింది.

తెలుగులో ‘తురక’

ఈ ఊహకు తెలుగు భాషలో మరొక రూపం ఉంది. ‘తురుష్కుడు’, ‘తురక’ అన్న మాటలు తుర్క్ అనే జాతినామం నుంచి వచ్చినవే. ఢిల్లీ సుల్తానుల సేనలను ఉద్దేశించి మొదలైన ఆ పదం క్రమంగా ముస్లింలందరికీ వర్తించింది. గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీ వంశస్థాపకుడు సుల్తాన్ కులీ హమదాన్ నుంచి వచ్చిన తుర్కమాన్ వంశీయుడే. కాని గ్రామంలోని దూదేకులవారికి, చేనేత పనివారికి తుర్కీతో రక్తసంబంధం ఏదీ లేదు. తెలుగే మాట్లాడే మనిషికి పరదేశపు పేరు తగిలించడం వల్ల అతడు తన ఊరిలోనే పరాయివాడవుతాడు. నేడు ఆ పదం నిందార్థకంగా వినిపించడానికి కారణం ఇదే.

‘బడే మియాఁ’

కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ సంప్రదాయం నుంచి వచ్చినవారు కోల్‌కతాకు తరలివెళ్ళారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. సయ్యద్ నయీముద్దీన్ సారథ్యంలో భారత జట్టు 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం సాధించింది.

వీరిలో అభిమానుల వాదానికి ఎక్కువగా కేంద్రమైన వ్యక్తి మహమ్మద్ హబీబ్. 1949లో హైదరాబాదులో జన్మించిన హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, సుమారు 18 ఏళ్ళపాటు మూడు క్లబ్బుల మధ్య మారుతూ ఆడారు. ఉద్యోగం వద్దని ఫుట్‌బాల్‌నే వృత్తిగా చేసుకున్నారు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2–2తో సమంగా నిలిచినప్పుడు ఒక గోల్ హబీబ్‌దే. తమ్ముడు మహమ్మద్ అక్బర్ 1976 డెర్బీలో ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ చేశారు.

అభిమానులు హబీబ్‌ను ‘బడే మియాఁ’ అని పిలిచారు. ఆ పిలుపులో ఆప్యాయత ఉంది, మతాన్ని గుర్తుచేసే ముద్ర కూడా ఉంది. అయితే జెర్సీ ఏదైనా హబీబ్ ఆటలోని పట్టుదలను, క్రమశిక్షణను శంకించడానికి ప్రత్యర్థులకు అవకాశం దొరకలేదు. మోహన్ బగాన్ చొక్కాలో మెచ్చుకున్న మనిషినే మహమ్మడన్ చొక్కాలో అనుమానించాలంటే, అనుమానం మనిషిపై కాదని, ముద్రపైనని అభిమానే ఒప్పుకోవలసి వచ్చింది.

ఓజిల్ లేవనెత్తిన ప్రశ్న

ఇదే ప్రశ్న 2018లో జర్మనీలో మరో రూపంలో ఎదురైంది. గెల్సెన్‌కిర్షెన్‌లో పుట్టిన మెసుత్ ఓజిల్ 2014 ప్రపంచకప్ గెలిచిన జర్మనీ జట్టు సభ్యుడు. తుర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్‌తో దిగిన ఫొటోపై వివాదం చెలరేగింది. ప్రపంచకప్‌లో జర్మనీ తొలి దశలోనే నిష్క్రమించాక అది మరింత ముదిరింది. గెలిచినప్పుడు జర్మన్‌గా, ఓడినప్పుడు వలసదారుగా తనను చూస్తున్నారన్న భావం వ్యక్తం చేస్తూ జూలై 22న ఓజిల్ జాతీయ జట్టు నుంచి వైదొలిగారు. ఒక నాయకుడితో ఫొటో దిగడాన్ని విమర్శించడం రాజకీయ వాదం. పుట్టిన దేశంపై అతడి నిష్ఠను పూర్వీకుల పేరుతో కొలవడం వేరు. అభిమానులు ఈ రెండింటినీ కలిపివేసినప్పుడే ముద్ర పుడుతుంది.

నేటి మైదాన్

అభిమానం హద్దు మీరితే ఏమవుతుందో కోల్‌కతాకు తెలుసు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో డెర్బీ సందర్భంగా జరిగిన ఘర్షణ, తొక్కిసలాటలలో 16 మంది మరణించారు. అదే అభిమానం మరో దారి కూడా పట్టగలదు. 2020 జనవరి డెర్బీలో ఈస్ట్ బెంగాల్ అభిమానులు పౌరసత్వ చర్చను ఉద్దేశించి, ఈ నేల తమకు కాగితాలతో కాక రక్తంతో దక్కిందనే అర్థం వచ్చే బ్యానర్ ఎగురవేశారు. 2024 ఆగస్టు 18న, ఆర్.జి.కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్యపై న్యాయం కోరుతూ మూడు క్లబ్బుల అభిమానులు సాల్ట్ లేక్ స్టేడియం వెలుపల ఒక్కటిగా నిలిచారు. ఆ ఏడాదే మహమ్మడన్ స్పోర్టింగ్ ఐ-లీగ్ గెలిచి ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగుపెట్టింది. దానితో మూడు పాత క్లబ్బులూ దేశపు అగ్రశ్రేణి పోటీలో కలిశాయి.

హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన ఈస్ట్ బెంగాల్‌వాడా, మోహన్ బగాన్‌వాడా అన్న వాదం మాత్రం కోల్‌కతాలో ఇంకా తేలలేదు.