పాత ట్రిగ్గరా, కొత్త ట్రిగ్గరా? – .22 రివాల్వరు చెప్పే చరిత్ర

పాతకాలపు వస్తువు గట్టిదనీ, ఈనాటిది నాసిరకమనీ మన వయసువాళ్ళం నలుగురం కూడినచోట అనుకోవడం పరిపాటి. గడియారమైనా, కుట్టుమిషనైనా తీర్పు ఒకటే. కలెక్టరాఫీసులో ఆయుధ లైసెన్సుల సెక్షనులో గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో, రెన్యూవలుకు వచ్చిన ఆయుధం నంబరును రిజిస్టరుతో సరిచూడటం నా విధి. ఆ పరిచయం వల్ల కలిగిన ఆసక్తితో చదివి తెలుసుకున్న విషయాలను ఈ ప్రత్యేక సంచిక పాఠకులతో పంచుకుంటున్నాను. పాతది మేలా, కొత్తది మేలా అన్న ప్రశ్నకు .22 రివాల్వరు ట్రిగ్గరు చరిత్ర మంచి జవాబు చెబుతుంది.

ముందుగా రిమ్‌ఫైర్ అంటే ఏమిటో చెప్పాలి. పెద్ద తూటాలలో నిప్పు పుట్టించే మందు అడుగున మధ్యలో ఉన్న చిన్న టోపీలో ఉంటుంది. .22 తూటాకు ఆ టోపీ లేదు. ఆ మందు అడుగు అంచు మడతలో చుట్టూ ఉంటుంది. సుత్తి దెబ్బకు ఆ లోహపు అంచు నలిగితేనే తూటా పేలుతుంది. అందుకు గట్టి దెబ్బ కావాలి, గట్టి దెబ్బకు బలమైన స్ప్రింగు కావాలి. ఆ స్ప్రింగు బిగువు చివరకు మన వేలికే తెలుస్తుంది. అందువల్ల పాతదైనా కొత్తదైనా .22 రివాల్వరు ట్రిగ్గరును మరీ తేలిక చేయడం కుదరదు.

అమెరికాలో హోరేస్ స్మిత్, డేనియల్ వెస్సన్ అనేవారు 1857లో తమ మొదటి రివాల్వరును అమ్మకానికి పెట్టారు. ఏడు తూటాల చిన్న ఆయుధమది. సిలిండరుకు ఈ చివరి నుండి ఆ చివరికి రంధ్రాలు తొలిచే పద్ధతిపై రోలిన్ వైట్ అనే ఆయన 1855లో పేటెంటు పొందగా, వీరు రివాల్వరు ఒక్కింటికి 25 సెంట్ల చొప్పున ఆయనకు చెల్లించారు. ప్రతిసారీ బొటనవేలితో సుత్తిని వెనక్కు లాగి, ఆ తరువాత ట్రిగ్గరు నొక్కాలి. ట్రిగ్గరు చుట్టూ రక్షణగా కమ్మీ కూడా లేదు. వేలికి ఎలా తగులుతుందన్న ఆలోచన ఆనాడు ఎవరికీ పెద్దగా ఉన్నట్టు కనిపించదు. కాబట్టి 'పాతది' అన్నంత మాత్రాన బంగారం కాదు.

అసలు బంగారు కాలం ఆ తరువాత ఎన్నో ఏళ్ళకు వచ్చింది. అదే కంపెనీ 1931లో కె-22 అనే గురిపందెపు రివాల్వరును తెచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక 'మాస్టర్‌పీస్' పేరుతో కె-22, కె-32, కె-38 అని మూడింటిని ఇంచుమించు ఒకే ఆకారంలో, ఒకే బరువులో తయారుచేసింది. చౌకైన .22 తూటాలతో సాధన చేసినవాడికి పెద్ద రివాల్వరు చేతికి కొత్తగా అనిపించరాదన్నది ఉద్దేశం. సుత్తిని ముందే ఎత్తిపెట్టి కాల్చేటప్పుడు ట్రిగ్గరు ఎండుపుల్ల విరిగినట్టు ఠక్కున వదిలేదని పాత షూటర్లు నేటికీ చెప్పుకుంటారు.

ఇందులో మంత్రమేమీ లేదు. సుత్తి గాటులో ట్రిగ్గరు కొన ఆని ఉంటుంది. ఆ రెండు ఉక్కు అంచులు ఎంత నునుపుగా, ఎంత సరైన కోణంలో కలిస్తే వదలడం అంత శుభ్రంగా ఉంటుంది. ఫ్యాక్టరీలో అనుభవజ్ఞుడైన పనివాడు సన్న ఆకురాయి పట్టి, బిగించి, నొక్కి చూసి, మళ్ళీ విప్పి సరిచేసేవాడు. ఆయన పేరు ఏ రివాల్వరు మీదా ఉండదు. ఫైలు మీద ఆఫీసరు సంతకమే కనిపించినట్టు, దానిమీద కంపెనీ పేరే కనిపిస్తుంది!

అయితే ట్రిగ్గరుకు మరో పరీక్ష ఉంది. వేలు పెట్టినప్పుడు ఎలా ఉందన్నది ఒకటి, వేలు పెట్టనప్పుడు ఆయుధం ఊరుకుంటుందా అన్నది రెండోది. 1944లో ఇదే కంపెనీవారి యుద్ధకాలపు రివాల్వరు ఒకటి ఓడ డెక్కు మీద పడి పేలడంతో ఒక నావికుడు మరణించాడు. అది .22 కాదు, కాని పాఠం అన్నింటికీ వర్తించింది. ట్రిగ్గరు నొక్కనిదే సుత్తి ముందుకు పోకుండా అడ్డుపడే పలకను మెరుగుపరచారు. యుద్ధానంతరపు కె-22లోనూ ఆ ఏర్పాటు ఉంది. అంటే భద్రత వస్తే ట్రిగ్గరు చెడుతుందన్న మాట నిజం కాదు.

1953లో రూగర్ కంపెనీ తెచ్చిన సింగిల్-సిక్స్ రివాల్వరులో ఈ జాగ్రత్త లేదు. ఆరు గదులూ నింపితే సుత్తి కింద ఒక తూటా ఉంటుంది. కిందపడి సుత్తికి దెబ్బ తగిలితే అది పేలవచ్చు. అందుకే తెలిసినవారు ఐదు నింపి, సుత్తి కింద గదిని ఖాళీగా ఉంచేవారు. 1973లో ఆ కంపెనీ మార్పు చేసింది. ట్రిగ్గరు పూర్తిగా నొక్కితేనే ఒక చిన్న కడ్డీ పైకి లేచి సుత్తి దెబ్బను అందిస్తుంది. పాత ట్రిగ్గరులోని శుభ్రత పోయిందని కొందరు గొణిగారు. అయినా పాత రివాల్వర్లకు సైతం ఈ ఏర్పాటును కంపెనీ ఉచితంగా అమర్చి, తీసిన భాగాలను యజమానికే తిరిగి పంపింది.

1990లో కె-22 వారసత్వంగా స్టెయిన్‌లెస్ ఉక్కు 617 వచ్చింది. ఆ దశాబ్దం చివరికి లోహపు పొడిని అచ్చులో పోసి, కాల్చి, సుత్తులూ ట్రిగ్గర్లూ చేసే పద్ధతి వచ్చింది. వీటిలో అచ్చు నుండి వచ్చిన ముక్కలన్నీ ఒకే కొలతలో ఉంటాయి. చేతిపని తగ్గింది. కె-22 నాటి అతి ఉత్తమమైన ట్రిగ్గరు ఇందులో దొరకకపోవచ్చు, కాని మరీ అధ్వాన్నమైనదీ అరుదు.

కాబట్టి నా తీర్పు ఇది: వేలికి హాయి కావాలంటే ఇరవయ్యో శతాబ్దం నడిమి కాలపు చేతిపనికే పెద్దపీట. అన్నీ ఒకే తీరుగా ఉండటంలోనూ, ప్రాణభద్రతలోనూ కొత్తదే మేలు. రెండిట్లో ఏది ముఖ్యమో పిల్లలు తిరిగే ఇంట్లో వేరే చెప్పనక్కరలేదు.

మన సభ్యులలో ఎవరింట్లోనైనా పెద్దల నాటి లైసెన్సు రివాల్వరు ఉంటే, దాని పేరుప్రతిష్ఠలు చూసి ధీమాపడవద్దు. తూటాలు తీయించి, అర్హుడైన ఆర్మరర్‌కు చూపించండి. తాళం వేసి ఉంచండి. లైసెన్సుదారు కాలం చేస్తే ఆయుధాన్ని బీరువాలో అలాగే వదలక, వెంటనే పోలీసువారికి తెలిపి చట్టప్రకారం అప్పగించండి. పాత ఆయుధం పనివాడి నేర్పును మెచ్చుకుందాం, మన జాగ్రత్తలో మనం ఉందాం.