మన్యం జ్వరం – మందు కథ

ఏజెన్సీకి బదిలీ అంటే మైదాన ప్రాంతపు ఉద్యోగికి ఇప్పటికీ శిక్షే. ఈ భయం నిన్న మొన్నటిది కాదు. 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను కలెక్టరు 'ఏజెంటు' హోదాలో ఏలాలని తెల్లదొరలు చట్టం చేశారు. మనకు ఏజెన్సీ అనే పేరు అలా వచ్చింది. ఆ తరువాత వాళ్ల కాగితాల్లో మన కొండల ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండు మాటలు తరచు కనిపిస్తాయి. ఒకటి తిరుగుబాటు, రెండోది జ్వరం. 1879లో రంప తిరుగుబాటును అణచడానికి వచ్చిన సిపాయిల్లో చాలామందిని పడగొట్టింది మన బాణాల కన్నా చలిజ్వరమే. మన్యం జ్వరం మన తరఫున యుద్ధం చేసిందని కొందరు గొప్పగా చెబుతారు. కానీ అదే జ్వరం మన పిల్లలనూ తీసుకుపోయింది. కడుపులో బల్ల పెరిగి, కళ్లు పాలిపోయి, వానాకాలం దాటని పిల్లలు ప్రతి గూడెంలోనూ ఉండేవారు. కాబట్టి ఆ గొప్ప మనం చెప్పుకోకపోవడమే మంచిది.

ఈ జ్వరానికి వచ్చిన మందుల కథ మన యువకులకు తెలియాలి. ఎందుకంటే ఇప్పుడు మన ఊళ్లలో రెండు వాదనలు వినిపిస్తున్నాయి. కాస్త చదువుకున్నవాడు దిసారి మందు మూఢనమ్మకం అంటాడు. ఇంకొకడు సెల్‌ఫోన్‌లో ఏదో చూసి మాత్రలన్నీ విషం, ఆకులన్నీ అమృతం అంటాడు. చరిత్ర చూస్తే ఇద్దరి మాటా నిలబడదు.

మలేరియాకు ప్రపంచం ఎరిగిన మొదటి గట్టి మందు ఒక చెట్టు బెరడు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో పెరిగే సింకోనా చెట్టు అది. ఆ కొండల్లో ఉండేవాళ్లూ మనలాగే ఆదివాసులు. క్వినైన్ అనే పేరు కూడా వాళ్ల క్వెచువా భాషలో బెరడుకున్న మాట నుంచి వచ్చిందే. 17వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఆ బెరడును యూరపు తీసుకుపోయారు. 1820లో పెల్లెటియర్, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు దానిలోని సారాన్ని వేరు చేశారు. వలస రాజ్యాలకు ఆ చెట్టు కావలసి వచ్చింది. జ్వరం తగ్గకపోతే సైన్యం నడవదు, తోటల్లో కూలీలు పనిచేయరు. 1860 ప్రాంతంలో క్లెమెంట్స్ మార్కమ్ ఆ మొక్కలను, విత్తనాలను దక్షిణ అమెరికా నుంచి తరలించి మన నీలగిరి కొండల్లో నాటించాడు.

ఇక్కడ ఒక మనిషి గురించి ఆగి చెప్పాలి. బొలీవియాలో మాన్యుయెల్ ఇంక్రా మమాని అనే ఆదివాసీ ఉండేవాడు. ఏ సింకోనా బెరడులో సారం ఎక్కువో చెట్టును చూసి చెప్పగలవాడు. చార్లెస్ లెడ్జర్ అనే ఇంగ్లీషు వ్యాపారి కోసం అడవిలో వెతికి 1865లో ఆ మేలురకం విత్తనాలు తెచ్చిచ్చాడు. లెడ్జర్ వాటిని డచ్చివాళ్లకు అమ్మాడు. వాళ్లు జావాలో తోటలు వేసి ప్రపంచపు క్వినైన్ వ్యాపారాన్నంతా చేతిలోకి తీసుకున్నారు. మమాని మళ్లీ విత్తనాలకు వెళ్లి పట్టుబడ్డాడు. జైల్లో పెట్టి కొట్టారు, ఆ దెబ్బలకే చనిపోయాడు. ఆ రకం చెట్టుకు లెడ్జర్ పేరు పెట్టారు. మమాని పేరు పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేదు. పిల్లలకు సైన్సు పాఠంలో క్వినైన్ చెప్పే ఉపాధ్యాయులు ఆ పేరును నల్లబల్ల మీద ఒక్కసారి రాస్తే బాగుంటుంది.

దోమే ఈ జ్వరాన్ని మోస్తుందని తేలింది మాత్రం మన తెలుగు నేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అప్పటికే బెంగాలులో తపాలా కచేరీల ద్వారా క్వినైన్ పొట్లాలు అమ్మడం మొదలైంది. కానీ తపాలా కచేరీ ఉంటేనే కదా పొట్లం దొరికేది. మన కొండల మీద ఎన్ని ఉండేవి?

అందాకా మన వాళ్లు ఏం చేశారు? నేలవేము కషాయం తాగారు, తిప్పతీగ నూరి తాగారు. దిసారి నాడి పట్టి, దుక్కిలోకి ఎప్పుడు పోవాలో, ఏం తినకూడదో చెప్పేవాడు. ఆ కషాయాలతో ఒంటి కాక తగ్గేది, నాలుక చేదు పోయి ఆకలి పుట్టేది. కానీ మెదడుకెక్కే ఫాల్సిపారమ్ మలేరియాను అవి ఆపలేదు. ఈ నిజం చెబితే మన పెద్దలకు అవమానమేమీ కాదు. ఆనాడు లండన్ వైద్యుడి చేతిలో కూడా ఆ బెరడు తప్ప వేరే దిక్కు లేదు.

మన పెద్దల దగ్గర ఉన్న అసలు విద్య మోతాదు. దీన్ని మనం తక్కువగా చూస్తున్నాం. అడవిలో ముష్టి చెట్టు, చిల్ల చెట్టు రెండూ ఉంటాయి. వృక్షశాస్త్రం ప్రకారం రెండూ ఒకే కుటుంబంలోని ఒకే ప్రజాతి, అక్కాచెల్లెళ్ల వంటివి. చిల్లగింజను కుండ లోపల అరగదీస్తే బురద నీరు తేరుకుంటుంది. ముష్టిగింజలో స్ట్రిక్నిన్ ఉంటుంది, మనిషిని విల్లులా వంచి చంపుతుంది. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఈ రెండు గింజలనూ మన దగ్గర కొంటుంది. మన అమ్మమ్మలు రెంటినీ ఒకే సంతకు ఒకే బుట్టలో మోసుకుపోయినా మూటలు మాత్రం వేరుగా కట్టేవారు. అడవి చేదు దుంపల సంగతీ అంతే. చెక్కు తీసి, పలచగా తరిగి, బుట్టలో పెట్టి పారే గెడ్డలో కట్టేస్తారు. నీరు మారుతూ చేదు కొట్టుకుపోవాలి. తొందరపడి వండినవాడు వాంతులతో పడిపోతాడు. అడవిలో దొరికిందల్లా మంచిదే అని మన పెద్దలు ఎప్పుడూ అనలేదు. ఆ మాట పట్నంలో పొడుల డబ్బాలు అమ్ముకునేవాళ్లది.

'మందు' అనే మాటను చూడండి. మందు తాగి బతికాడంటాం, మందు తాగి చచ్చాడని కూడా అంటాం. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ పేరుతో దొరికిన మాత్రలను, కషాయాలను నెలల తరబడి వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు. వాదన ఎలా తేలినా మనకు అర్థమయ్యేది ఒకటుంది. ఏ దిసారీ తిప్పతీగను రోజూ అన్నంలా తినమని చెప్పడు.

చైనాలో జరిగింది కూడా మోతాదు విద్యే. 1967లో ఆ ప్రభుత్వం మలేరియా మందు కోసం రహస్య పరిశోధన మొదలుపెట్టింది. తూ యూయూ అనే శాస్త్రవేత్త పాత వైద్య గ్రంథాలు తిరగేశారు. 4వ శతాబ్దపు ఒక గ్రంథంలో, చలిజ్వరానికి ఒక మాచిపత్రి జాతి మొక్కను నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉంది. మరిగించమని లేదు. వేడికి గుణం పోతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో సారం తీశారు, ఆర్టెమిసినిన్ దొరికింది. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ మన ఆశా కార్యకర్త ఫాల్సిపారమ్‌కు మూడు రోజులు ఇచ్చే మాత్రల పట్టీలో ఉన్నది ఆ మొక్క సంతానమే. ఆకు మందు, అట్ట పెట్టె మందు అని మనం పంచుకుని తిట్టుకుంటున్నాం కానీ వాటి చుట్టరికం ఇంత దగ్గరది.

ఇక మాత్రల ముప్పు సంగతి. 1953లో దేశమంతటా మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇళ్లకు డీడీటీ కొట్టారు, క్లోరోక్విన్ మాత్రలు పంచారు. 1965 నాటికి దేశంలో కేసులు లక్షకు దిగాయి. ఇక పోయిందనుకున్నారు. 1976లో మళ్లీ 64 లక్షలు దాటాయి. దోమకు డీడీటీ అలవాటైంది. క్రిమికి క్లోరోక్విన్ అలవాటైన సంగతి 1973లోనే అస్సాం కొండల్లో బయటపడింది. జ్వరం దిగగానే మాత్రలు ఆపేసి, మిగిలినవి మళ్లీ వస్తే వేసుకుందామని చూరులో దోపడం మనకందరికీ తెలిసిన అలవాటు. క్రిమి మందుకు అలవాటు పడేందుకు ఇంతకన్నా మంచి బడి లేదు.

ఇంకొక ముప్పు మన రక్తంలోనే ఉంది. ఇది ప్రతి ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుడికీ తెలియాలి. వేల ఏళ్లు మలేరియాతో బతికిన జాతుల రక్తం తనకు తానే ఒక ఉపాయం చేసుకుంది. ఎర్రకణాల్లో జి6పిడి అనే ఎంజైము కొందరిలో తక్కువగా ఉంటుంది. అలాంటి రక్తంలో మలేరియా క్రిమి అంతగా పెరగలేదు. మలేరియా ఉన్న చోట్లలో, మన ఆదివాసీ తెగలు కొన్నింటిలో కూడా, ఇది ఎక్కువగా కనిపిస్తుంది. కానీ వైవాక్స్ మలేరియా మళ్లీ రాకుండా 14 రోజులు ఇచ్చే ప్రైమాక్విన్ మాత్ర ఇలాంటివారి ఎర్రకణాలను పగలగొడుతుంది. కళ్లు పచ్చబడతాయి, మూత్రం డికాషను రంగులో వస్తుంది, మనిషి ఒక్కసారిగా నీరసించిపోతాడు. జ్వరం నుంచి కాపాడిన రక్తమే మందు దగ్గర ఓడిపోతుంది. ఈ లోపాన్ని 1956లో అమెరికాలో కనుక్కున్నారు. ఎవరి మీద పరీక్షించి అనుకున్నారు? ఇల్లినాయ్ రాష్ట్రంలో జైల్లో ఉన్న ఖైదీల మీద. మందు వల్ల రక్తం విరిగినవారిలో ఎక్కువమంది నల్లజాతివారు.

దీని అర్థం ప్రైమాక్విన్ పారేయమని కాదు. చాలామందికి అది మేలే చేస్తుంది. గర్భిణికి, పసిబిడ్డకు ఇవ్వకూడదు. జి6పిడి లోపానికి రక్తపరీక్ష ఉంది, చేయమని అడగవచ్చు. మాత్ర మొదలుపెట్టాక మూత్రం రంగు మారితే వెంటనే ఆపి ఆసుపత్రికి పోవాలి. ఈ నాలుగు మాటలను కువిలోనో కోయలోనో ఆదివాసీ ఒడియాలోనో చెప్పేవాళ్లు లేకనే ప్రమాదం. సంతలో సూది వేసేవాడు ఏం మందు ఎక్కించాడో చెప్పడు, మనమూ అడగం. నొప్పి తగ్గితే చాలు అనుకుంటాం. అదే దిసారి కషాయం ఇస్తే ఏ చెట్టుదని తప్పకుండా అడుగుతాం!

తిండి గురించి కూడా ఒక మాట. మలేరియా రక్తాన్ని తినేస్తుంది, తిరిగి పట్టాలంటే తిండి కావాలి. మన ఇళ్లలో జ్వరం దిగినవాడికి చోడి అంబలి, పలచని ఉలవచారు, మునగాకు పెట్టేవారు. వంద గ్రాముల చోళ్లలో మూడొందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో పది కూడా కష్టమే. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, కాదనలేం. ఆ వెంట పోడులో చోడి, సామ, కొర్ర తగ్గుతూ వచ్చాయి. అంబలి తాగడం నామోషీ అయింది. ఇప్పుడు అదే చోడిపిండిని పట్నంలో రంగు డబ్బాలో పెట్టి మనకే అమ్ముతున్నారు. తిండి లేనిచోట అడవి తిండి కూడా తిరగబడుతుంది. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో మామిడి టెంక అంబలి తాగి ఆదివాసులు చనిపోయారు. ప్రభుత్వం టెంకను నిందించింది. టెంక తప్ప ఇంట్లో మరేమీ లేని స్థితిని ఎవరు నిందించాలి?

చివరగా మన వృత్తికి నేరుగా తగిలే సంగతి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. సుమారు 14 వేల మంది పిల్లలు, వారిలో చాలామంది భద్రాచలం వైపు హాస్టళ్లలో ఉండే ఆదివాసీ బాలికలు. గుజరాత్‌లోనూ ఇలాగే చేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయాక 2010 ఏప్రిల్‌లో అధ్యయనాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం చెప్పింది. ఆ టీకా ఇవాళ ఎన్నో దేశాల్లో వేస్తున్నారు, క్యాన్సర్‌ను తగ్గిస్తోంది కూడా. తప్పు వేరే చోట జరిగింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. మరో 1,948 వేలిముద్రలు. తల్లికి తెలియదు, తండ్రికి తెలియదు, పిల్లకు అసలే తెలియదు. ఇది పరిశోధన అని కూడా వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

వార్డెన్లలో చెడ్డవాళ్లు ఉన్నారని మేము అనడం లేదు. పైనుంచి కాగితం వచ్చింది, సంతకం పెట్టారు. మన కొండల్లో చాలా సంగతులు అలాగే జరుగుతాయి.

2024 మధ్యంతర బడ్జెటులో 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఇదే టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పింది. ఆ పత్రం మన బడులకూ వస్తుంది. మంచి టీకా, మన పిల్లలకు అందాలి. పత్రం వచ్చిన వారంలోనే తల్లిదండ్రులను సంత రోజు చూసి పిలవాలి. ఏ జబ్బుకు, ఎన్ని మోతాదులు, వేశాక ఏం కావచ్చు, ఏమైనా అయితే ఎక్కడికి పోవాలి అన్నది వాళ్ల భాషలో చెప్పాలి. అడిగినవాటికి జవాబు తెలియకపోతే ఏఎన్ఎంను పిలిపించి చెప్పించాలి. ఆ తరువాతే సంతకాల గడి. అది వాళ్లది.