లక్క మెరుగు

కోనసీమలో అమలాపురమునకు చేరువనున్న మా తాతగారి యింట నొక పట్టెమంచ ముండెడిది. దాని కోళ్లు ఎరుపు, పసుపు, నలుపు వలయములతో నిగనిగలాడుచుండెడివి. చిన్నతనమున వేసవి మధ్యాహ్నములయందు నేను వానికి చెంప నానించి చల్లదన మనుభవించెడివాడను. పిదప నొక పెండ్లికి ఇల్లు ముస్తాబు చేయుచు ఆ కోళ్లను గరుకు కాగితముతో రుద్దించి డబ్బారంగు పూయించితిమి. రుద్దించినవాడను నేనే. రెండేండ్లలో ఆ కొత్తరంగు పెచ్చులూడెను. పోయినదేమో అప్పుడు నాకు తెలియదు. దానిని గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

లక్క చెట్టుబంక కాదు. మోదుగు, రేగు మున్నగు చెట్ల కొమ్మలపై రసము పీల్చి జీవించు చిన్న పురుగులు తమ చుట్టును కట్టుకొను గూడది. పాండవులను దహింప కౌరవులు కట్టించిన లక్కయింటి కథ మన మెరిగినదే. స్త్రీల పాదములకు శోభ గూర్చిన లత్తుకయు దీనినుండి వచ్చినదే. చీనా, జపాను దేశముల పెట్టెలపై కానవచ్చు మెరుగు వేరు. అది యొక చెట్టు పాలు, తేమగాలిలో గట్టిపడును. ఐరోపావారు మన లక్కను సారాయి సత్తులో కరగించి బల్లలకు, కుర్చీలకు మెరుగు పెట్టిరి. 20వ శతాబ్దపు నడుమ వరకును గ్రామఫోను పలకలకు ముఖ్యమైన సరుకు లక్కయే.

మన దేశపు పనివాని పద్ధతి వేరు. దానిని చూడగోరువారు అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకకు పోవలెను. అచట తెల్లని మెత్తని అంకుడుకొయ్యను తరిమెనపై త్రిప్పి నునుపు చేయుదురు. పిదప రంగు కలిపిన లక్కకడ్డీని తిరుగుచున్న కొయ్యకు అదిమి పట్టుదురు. రాపిడికి వేడి పుట్టి, లక్క కరగి కొయ్యను అంటుకొనును. కుంచెతో పని లేదు. తుదకు మొగలియాకును ఒత్తిపట్టగా లక్క సమముగా పరచుకొని అద్దమువలె మెరయును. మా రాజోలు ప్రాంతమున పొదలుగా పెరుగు మొగలికి ఇట్టి పని యున్నదని నేను పెద్దవాడనైన పిమ్మటనే యెరిగితిని.

పూర్వము ఈ లక్కకు రంగులు గింజలు, వేళ్లు, బెరళ్లు, ఆకులనుండి వచ్చెడివి. 1856లో ఇంగ్లండున విలియం పెర్కిన్ నేలబొగ్గు తారునుండి కృత్రిమమైన రంగు తీసెను. క్రమముగా అట్టి రంగులు చవుకగా వచ్చి పాత విద్యను మరపించెను. పసిబిడ్డలు నోట పెట్టుకొను లక్కపిడతలకును అవియే పూయబడెను. ఏటికొప్పాకవాసి యగు చింతలపాటి వెంకటపతిరాజుగారు పనివారితో కూడి ప్రకృతి రంగులను మరల సాధించిరి. 2017లో ఆ యూరి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించెను. 2023లో ఆయనకు పద్మశ్రీ బిరుదము వచ్చెను.

లక్క వేడికి మరల కరగును. కనుక మాసిన కోడును తిరిగి తరిమెన కెక్కించి బాగుచేయ వీలుండెను. ఇది నాకు తెలియువేళకు మా మంచమున మిగిలినది వట్టి కొయ్య. మీ యిండ్లలో పాతమంచపు కోడో, ఉయ్యాలయో, కుంకుమభరిణెయో యున్నచో, రంగుడబ్బా మూత తీయుటకు ముందు దానిని తడిగుడ్డతో ఒక్కమారు తుడిచి చూడుడు. ఆ మసి క్రింద మొగలియాకు పెట్టిన మెరుగు ఇంకను ఉండవచ్చును.