సెనేటు సంఘములో ఒక ప్రశ్న

సంధిపత్రముపై సంతకము చేయువారు ఇద్దరో ముగ్గురో యుందురు. దాని వలన బ్రతుకులు మారువారు లక్షల మంది. ఈ ఉభయుల నడుమ నిలిచి ప్రశ్నింపవలసిన బాధ్యత శాసనసభలది. ఆ బాధ్యతను అవి యెంతవరకు నిర్వహింపగలవో తెలియుటకు 1912 జనవరిలో పారిస్ నగరమున జరిగిన యొక ఘట్టమును శ్రోతల ముందుంచుచున్నాము.

మొరాకోను వశపరచుకొనవలెనని ఫ్రాన్సు చిరకాలముగా యత్నించుచుండెను. ఈజిప్టులో ఇంగ్లండునకు ఫ్రాన్సు, మొరాకోలో ఫ్రాన్సునకు ఇంగ్లండు అడ్డు రాకుండునట్లు 1904 ఏప్రిల్ 8వ తేదీన ఆ రెండు రాజ్యములును ఒడంబడిక చేసికొనెను. అందు బహిరంగ నిబంధనలతో పాటు రహస్య నిబంధనలును కలవు. అవి 1911 నవంబరులో గాని వెల్లడి కాలేదు. ఏడేండ్లపాటు ప్రజలకు పత్రములో కొంత భాగము మాత్రమే తెలిసియుండెను.

1911 జూలై 1వ తేదీన జర్మనీ పాంథర్ అను యుద్ధనౌకను మొరాకోలోని అగాదిర్ రేవునకు పంపెను. యుద్ధము వచ్చునేమోనని ఐరోపా కలవరపడెను. నెలల తరబడి బేరములు సాగి, నవంబరు 4వ తేదీన సంధి కుదిరెను. మొరాకోలో ఫ్రాన్సునకు జర్మనీ దారి విడిచెను. ప్రతిఫలముగా ఫ్రెంచి కాంగోలో రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన భూభాగము జర్మనీకి దక్కెను.

ప్రతినిధుల సభ డిసెంబరులో దీని నామోదించెను. సెనేటు మాత్రము విచారణను ఒక సంఘమునకు అప్పగించెను. ప్రధాని జోసెఫ్ కయో తన విదేశాంగశాఖకు తెలియకుండ జర్మనులతో మంతనములు జరిపెనని అప్పటికే వదంతి. జర్మను రాయబార కార్యాలయపు తంతివార్తల గుప్తలిపిని ఫ్రెంచివారు ఛేదించియుండుటచే, అది వట్టి వదంతి కాదని విదేశాంగమంత్రి ద సెల్వ్ ఎరుగును.

జనవరి 9న కయో అట్టి మంతనములేవియు జరుగలేదని సంఘము ఎదుట మాట ఇచ్చెను. వెంటనే సభ్యుడు క్లెమెన్సో విదేశాంగమంత్రి వైపు తిరిగి, ఈ మాటను ధ్రువపరుపగలరా యని అడిగెను. ద సెల్వ్ బదులు చెప్పుటకు ఇష్టపడలేదు. ఆ మౌనమే సాక్ష్యమయ్యెను. ఆయన రాజీనామా చేసెను. కొలది దినములలోనే మంత్రివర్గము పతనమయ్యెను. ఆ సంఘపు నివేదకుడైన పొయంకారే ప్రధాని యయ్యెను.

కయో యుద్ధమును తప్పించెనని చెప్పువారు కలరు. అది నిజమే కావచ్చును. కాని శాంతి కొరకైనను సభ ఎదుట సత్యమును దాచిన ప్రభుత్వము నిలువరాదని ఆనాడు తేలినది. ఇది చిన్న విషయము కాదు.

అయినను సంధి మారలేదు. ఫిబ్రవరిలో సెనేటు దాని నామోదించెను. మార్చి 30న ఫెజ్ నగరములో మొరాకో సుల్తాను ఫ్రెంచి రక్షకత్వమునకు తలయొగ్గెను. సంధి ఎవరు, ఏ మార్గమున కుదిర్చిరని సంఘము గట్టిగా నిలదీసెను. ఆ నేలపై నివసించువారి సమ్మతి యేదని అడుగుటకు మాత్రము మొరాకో ప్రతినిధి గాని, కాంగో ప్రతినిధి గాని ఆ సభలలో ఒక్కడును లేడు.