ఇంటి చేరువలోనా, నిపుణుల చెంతనా: బ్రిటన్‌లో పిల్లల శస్త్రచికిత్స

1852లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్‌లో డాక్టర్ చార్లెస్ వెస్ట్ పూనికతో పది పడకల పిల్లల ఆసుపత్రి వెలిసినా, పిల్లల శస్త్రచికిత్స ప్రత్యేక విద్య అన్న గుర్తింపు బ్రిటన్‌లో స్థిరపడటానికి మరో నూరేళ్లు పట్టింది. ఈలోగా గ్లాస్గో పిల్లల ఆసుపత్రికి అనుబంధంగా, రోగులను చేర్చుకోకుండా వైద్యం చేసి పంపే డిస్పెన్సరీలో పదేళ్లపాటు జరిగిన 8,988 శస్త్రచికిత్సల వివరాలను జేమ్స్ నికోల్ 1909లో ప్రకటించారు. గ్రహణమొర్రి, హెర్నియా వంటివాటికి చికిత్స చేసిన పసివాళ్లను అదే రోజు తల్లుల చేతికి అప్పగించి, నర్సులను ఇళ్లకు పంపి గాయాలు చూపించడం ఆయన పద్ధతి. తల్లి పొత్తిళ్లే బిడ్డకు తగిన చోటన్న ఆయన మాట ఆనాడు అరణ్యరోదనే అయింది. ఆసుపత్రిలోని బిడ్డను తల్లిదండ్రులు ఎప్పుడైనా చూడవచ్చునని హ్యారీ ప్లాట్ సంఘం సిఫారసు చేసింది 1959లో గాని కాదు.

అయితే అన్నవాహిక మూసుకుపోయి పుట్టిన శిశువుకు ఇంటి చేరువ ఒక్కటే చాలదు. అటువంటి అరుదైన లోపాలను తరచుగా చూసే బృందం కావాలి. ఇసబెల్లా ఫోర్షాల్ కృషితో 1953లో లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే ఆసుపత్రిలో పీటర్ పాల్ రిక్హమ్ సారథ్యాన ఏర్పడిన నవజాత శిశు శస్త్రచికిత్సా విభాగం, ప్రపంచంలోనే అటువంటివాటిలో మొదటిదిగా పేరొందింది. కత్తి పట్టినవారితో సమానంగా ఇక్కడ మత్తు వైద్యుడినీ స్మరించాలి. ఫిలిప్ ఎయిర్ 1937లో రూపొందించిన, కవాటాలు లేని టీ ఆకారపు గొట్టానికి జాక్సన్ రీస్ 1950లో చివర తెరిచి ఉన్న రబ్బరు సంచిని జోడించడంతో, ఆ సంచిని వేళ్లతో మెల్లగా నొక్కుతూ శిశువుకు ఊపిరి అందించడం సాధ్యమైంది.

1984లో ప్రభుత్వం ఏడాదిలోపు బిడ్డల గుండె శస్త్రచికిత్సను తొమ్మిది కేంద్రాలకు కేటాయించి, వాటికి ప్రత్యేక నిధులిచ్చింది. ఆలోచన మంచిదే, ఆచరణలోనే లోపమంతా. ప్రధానంగా భౌగోళిక అవసరాన్ని బట్టి ఎంపికైన బ్రిస్టల్‌లో ఏటా జరిగే శస్త్రచికిత్సలే తక్కువ. పైగా గుండెను తెరిచి చేసే ఆపరేషన్లు ఒక ఆసుపత్రిలో జరిగితే, పిల్లల హృద్రోగ నిపుణులు మరో ఆసుపత్రిలో ఉండేవారు. ఫలితాలు బాగాలేవని మత్తు వైద్యుడు స్టీఫెన్ బోల్సిన్ హెచ్చరించినా పట్టించుకోవడానికి ఏళ్లు పట్టింది. 1991–95 మధ్య అక్కడ ఏడాదిలోపు బిడ్డలు సాధారణ స్థాయికన్నా 30 నుంచి 35 మంది ఎక్కువగా మరణించారని ఇయాన్ కెనడీ విచారణ సంఘం 2001లో నిర్ధారించి, 198 సిఫారసులు చేసింది.

లివర్‌పూల్‌లో ముందు మనుషులు ఒక్కచోట చేరారు, బ్రిస్టల్‌లో హోదా ముందు వచ్చింది. ఏ కేంద్రంలో ఎందరు బిడ్డలు బతికి బయటపడుతున్నారో లెక్కగట్టి తల్లిదండ్రుల ముందుంచే పద్ధతి బ్రిటన్‌లో వేళ్లూనింది ఆ విచారణ తరువాతనే.